కూర మారవచ్చు, బంతి మారకూడదు



నేను దక్షిణాఫ్రికా నుండి తిరిగి వచ్చి రెండు నెలలు దాటింది. అక్కడ ఏ వాక్యం చెప్పారని అడిగినవారు మన సంఘంలో నలుగురైదుగురే. "అక్కడ ఏం తిన్నారు అయ్యగారూ?" అని అడిగినవారిని మాత్రం లెక్కపెట్టలేను. అడగడంలో తప్పేమీ లేదు. సువార్తలు తెరిచి చూడండి. మన ప్రభువు ఎవరో ఒకరి ఇంట భోజనానికి కూర్చుని కనిపిస్తూనే ఉంటాడు. లేవీ ఇంట తిన్నాడు, పరిసయ్యుడైన సీమోను ఇంట తిన్నాడు, జక్కయ్య ఇంటికి తానే పిలిపించుకొని వెళ్లాడు. శాస్త్రులూ పరిసయ్యులూ ఆయన మీద సణిగింది కూడా ఏం తిన్నాడని కాదు, ఎవరితో తింటున్నాడని. కాబట్టి ఈ వారం మీ ప్రశ్నకే జవాబు రాస్తాను. ఏం తిన్నానో చెబుతాను, ఎవరితో తిన్నానో కూడా చెబుతాను. రెండోదే ముఖ్యం.

నన్ను పిలిచిన సంఘం డర్బన్ పట్టణానికి దగ్గరలో ఉంది. అంత దూరంలో తెలుగువారి సంఘం ఎలా వచ్చిందని కొందరికి ఆశ్చర్యం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి కూలీలను తీసుకొని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుండి 1911 వరకు లక్షన్నర మందికి పైగా మనదేశపువాళ్లు ఒప్పంద కూలీలుగా ఆ దేశానికి వెళ్లారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో, బొగ్గు గనుల్లో, రైలు పనుల్లో చాకిరీ చేశారు. వాళ్లలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వైపు నుండి వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది. 1903లో నెల్లూరు ప్రాంతం నుండి జాన్ రంగయ్య గారు వాళ్ల మధ్య సేవ చేయడానికి ఓడ ఎక్కారు. తెల్లదొరలు కాదు, మన తెలుగు బాప్టిస్టు సంఘాలే చందాలు వేసుకొని ఆయనను పంపాయి. ఆ కూలీల మనుమలు, మునిమనుమలే నన్ను పిలిచినవారు. పేర్ల చివర నాయుడు ఇంకా ఉంది గాని ఇంట్లో మాట ఇంగ్లీషే. తెలుగు పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని కళ్లు మూసుకొని పాడుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఇక భోజనం సంగతి. సెప్టెంబరు 24 వాళ్లకు సెలవు. వారసత్వ దినం అంటారు. ఒకప్పుడు నాటాల్ వైపు జూలూలు ఆ రోజున తమ రాజు షాకాను తలచుకునేవారు. ఇప్పుడు అది దేశమంతటికీ పండుగ. ఆ రోజు ఎక్కడ చూసినా పొగే. ఆరుబయట నిప్పుల మీద మాంసం కాల్చుకొని నలుగురూ కలిసి తినడాన్ని వాళ్లు బ్రాయి అంటారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, మనవాళ్లు, అందరికీ ఇది ఇష్టమే. 2007లో ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ గారు ఆ రోజును బ్రాయి దినంగా జరుపుకొనే పనికి పెద్దగా నిలబడ్డారు. అప్పట్లో పదకొండు అధికార భాషలున్న దేశంలో అందరినీ ఒక్కచోట చేర్చేది నిప్పు చుట్టూ కూర్చోవడమే అని ఆయన నవ్వుతూ ప్రచారం చేశారు. అప్పటికి ఆయన నోబెల్ శాంతి బహుమతి అందుకొని ఇరవై మూడేళ్లయింది. అంతటి దైవజనుడు మాంసం కాల్చుకు తినే పండుగకు ముందు నిలబడ్డాడంటే అది తిండి గురించి మాత్రమే కాదని నాకు అప్పుడు అర్థం కాలేదు గాని, సాయంత్రానికి అర్థమైంది.

నేను దిగిన ఇంటి పెద్దాయన ఆ సంఘంలో డీకన్. అక్కడ మనవాళ్లు పెద్దవాళ్లందరినీ అంకుల్, ఆంటీ అంటారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. అంకుల్‌కు డెబ్బై దాటాయి. "పాస్టర్, ఈ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించం. ఉమ్లాజీ వెళ్దాం" అన్నారు. ఆంటీ కొత్త చీర కట్టుకున్నారు. హోటలుకు పోవడానికి ఇంత ముస్తాబు ఎందుకా అనుకున్నాను.

ఉమ్లాజీ జూలూలు ఉండే పెద్ద బస్తీ. అక్కడ ఇలాంటి హోటళ్లను షిసా న్యామా అంటారు. జూలూ మాటలో షిసా అంటే కాల్చడం, న్యామా అంటే మాంసం. లోపలికి పోగానే బల్లలు కనబడవు, కసాయి కొట్టు కనబడుతుంది. అద్దాల వెనుక మాంసం పరచి ఉంటుంది. కావలసినది చూపిస్తే తూకం వేసి, డబ్బు తీసుకొని, పళ్లెంలో పెట్టి మన చేతికే ఇస్తారు. ఆ పళ్లెం పట్టుకొని వెనుక పెరట్లోకి వెళ్లాలి. అక్కడ సగానికి కోసిన ఇనుప పీపాల్లాంటి పొయ్యిల నిండా నిప్పులు. వాటి మీద ఇనుప జల్లెడలు. కాల్చే కుర్రాళ్లు మన పళ్లెం అందుకొని, ఉప్పూ మసాలా చల్లి, జల్లెడ మీద పరుస్తారు. ఎవరి మాంసం ఎవరిదో వాళ్లెలా గుర్తుపెట్టుకుంటారో నాకు అంతుపట్టలేదు. పెద్ద మాంసం, గొర్రె చాపలు, కోడి రెక్కలు, చుట్టగా చుట్టిన బూరవోర్స్ అన్నీ ఒకే నిప్పు మీద. ఈ బూరవోర్స్ అంటే పేగులో కూరిన కైమా. వేగుతుంటే ధనియాల వాసన వచ్చింది. మన వంటింటి వాసన అంత దూరంలో తగిలేసరికి ప్రాణం లేచివచ్చింది.

కాలిన మాంసం ముక్కలు కోసి ఒక పెద్ద చెక్క పలక మీద పోసి తెచ్చి మధ్యలో పెట్టారు. ఎవరికీ వేరే కంచం లేదు. పక్కన పాప్ అనే ముద్ద. తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికినది. మన జొన్న సంగటికి చుట్టమే అనుకోండి. దానికి నంజుగా చకలాకా. ఉల్లి, టమాటా, క్యారెట్, మిరప, చిక్కుడు గింజలు వేసి కూర పొడితో వండినది. ముందు కుళాయి దగ్గర అందరం చేతులు కడుక్కున్నాం. పాప్ కొంచెం తీసుకొని వేళ్లతో ముద్ద చేసి, చకలాకాలో అద్ది, మాంసం ముక్క కలిపి తినడమే. చెంచా ఎక్కడా కనబడలేదు. అందరి చేతులూ ఒకే పలక మీద.

ఇప్పుడు ఆ పలక చుట్టూ ఎవరున్నారో వినండి. అంకుల్, ఆంటీ, నేను, అంకుల్ స్నేహితుడైన ఒక జూలూ పెద్దాయన, ఆయన భార్య, ఇద్దరు మనుమలు. ఆ పెద్దాయన వాళ్ల సంఘంలో ప్రసంగీకుడు. జూలూ మాటలో తండ్రిని బాబా అంటారట. పెద్దవాళ్లందరికీ అదే పిలుపు. నేనూ బాబా అన్నాను. ఆయన మురిసిపోయారు.

అంకుల్, బాబా ఒకే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. పక్కపక్క మిషన్లు. మధ్యాహ్నం గంట కొట్టగానే మాత్రం ఒకరు ఒక తలుపు గుండా, ఇంకొకరు ఇంకో తలుపు గుండా పోవాలి. భారతీయుల క్యాంటీన్ వేరు, ఆఫ్రికన్ల క్యాంటీన్ వేరు, తెల్లవాళ్లది మరీ వేరు. ఎవరు ఎక్కడ కాపురం ఉండాలో కూడా ప్రభుత్వమే తేల్చింది. 1950 నాటి చట్టం ప్రకారం పట్టణాలను రంగును బట్టి ముక్కలు చేశారు. ఆ లెక్కలోనే మనవాళ్ల కోసం చాట్స్‌వర్త్ కట్టారు, జూలూల కోసం ఉమ్లాజీ కట్టారు. రెండూ పక్కపక్కనే. 1953లో ఇంకో చట్టం చేశారు. బల్లలు, బస్సులు, సముద్రపు ఒడ్డు, కౌంటర్లు ఎవరివి వారికి వేరు చేయవచ్చు, అవి సమానంగా ఉండనక్కర్లేదు అని కూడా అందులోనే రాసుకున్నారు. 1990లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. డర్బన్‌లో రొట్టె లోపల తొలిచి కూర పోసి ఇచ్చే బనీ చౌ అనే తిండి ఉంది. లోపల కూర్చోనివ్వని వాళ్లకు కిటికీలోనుండి అందించడానికే అది పుట్టిందని అక్కడ చాలామంది చెబుతారు.

చట్టం ఒక్కటే కాదు. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకు, భారతీయులకు మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. 142 మంది చనిపోయారు. పై నుండి తొక్కేవాడు ఒకడైతే, కింద నలిగేవాళ్లు ఒకరినొకరు కొట్టుకున్నారు. అంకుల్ అప్పటికి పుట్టలేదు. కాని ఆ భయం వాళ్ల నాన్నగారి దగ్గర నుండి ఆయనకు ఆస్తిలాగా వచ్చింది. "చాట్స్‌వర్త్‌లో మా వాకిట్లో నిలబడితే ఉమ్లాజీ దీపాలు కనబడేవి పాస్టర్. నలభై ఏళ్లు దాటేదాకా అక్కడ ఒక్క ముద్ద తినలేదు" అన్నారు. ఆంటీ కొత్త చీర ఎందుకు కట్టుకున్నారో అప్పుడు తెలిసింది. మనకు అది హోటలు. వాళ్లకు పండుగ.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను. ఆంటీ హిందూ కుటుంబం నుండి రక్షణలోకి వచ్చారు. పెద్ద మాంసం ముట్టరు. విశ్వాసంలోకి వచ్చి యాభై ఏళ్లయినా ఆవిడకు అది సయించదు. జూలూలకేమో పశువే సంపద, పెళ్లికైనా చావుకైనా పండుగకైనా పెద్ద మాంసం లేకపోతే అది విందే కాదు. ఆ రోజు కౌంటరు దగ్గర బాబా గొర్రె మాంసం, కోడి మాత్రమే తూకం వేయించారు. పండుగ రోజున, తన సొంత బస్తీలో, తన డబ్బుతో. మనుమడు పెద్ద మాంసం వైపు వేలు చూపించి అడిగితే జూలూలో ఏదో చెప్పారు. ఏం చెప్పారని తర్వాత నేను అడిగాను. "అది ఇంకో రోజు తిందాం, ఈ రోజు గోగో కూడా మన పలకలోనే తినాలి అని చెప్పాను" అన్నారు. గోగో అంటే నాయనమ్మ. ఆంటీని ఆ పిల్లలు అలాగే పిలుస్తారు.

ఆవిడకు ఒక చిన్న పళ్లెంలో కోడి వేరే పెట్టించి, మిగిలినవాళ్లు పెద్ద మాంసం తింటే ఎవరు కాదంటారు? ఎవరూ ఏమీ అనుకోరు. కాని బాబా పళ్లెం వేరు చేయలేదు, కూర మార్చారు.

ప్రియులారా, ఈ చిన్న పని ఎంత పెద్దదో తెలియాలంటే ఆ దేశపు సంఘ చరిత్ర కొంచెం తెలియాలి. 1829లో కేప్ ప్రాంతపు డచ్ రిఫార్మ్‌డ్ సంఘ మహాసభకు ఒక ప్రశ్న వచ్చింది. నల్లవారైన విశ్వాసులు తెల్లవారితో కలిసి ప్రభువు బల్లలో పాలు పొందవచ్చా? సభ మంచి జవాబే చెప్పింది. రంగు భేదం లేకుండా అందరికీ ఒకేసారి ఇవ్వాలంది. కాని గొణుగుడు ఆగలేదు. 1857లో అదే సభ మళ్లీ కూర్చుంది. కలిసి ఉండటమే మంచిది, అదే వాక్యానుసారం అని ఒప్పుకుంటూనే, కొందరు విశ్వాసంలో బలహీనులున్నారు కాబట్టి, వాళ్ల వల్ల పని ఆగిపోయేచోట వేరుగా కూడుకోవచ్చని సెలవిచ్చింది. ఆజ్ఞ కాదు, సెలవు మాత్రమే. బలహీనుల కోసం చూపిన కనికరం అనుకున్నారు.

ఆ సెలవు ఏమైందో చూడండి. 1881 నాటికి రంగువారికి పూర్తిగా వేరే సంఘం ఏర్పడింది. తర్వాత ఆఫ్రికన్లకు వేరు, భారతీయులకు వేరు. 1948లో జాతులను విడదీయడమే విధానంగా పెట్టుకున్న పార్టీ గద్దె ఎక్కేనాటికి, సంఘం తొంభై ఏళ్లుగా ఆ దారిలో నడిచి అలవాటు పడింది. దేశంలో బల్లలు వేరు కాకముందే ప్రభువు బల్ల వేరైంది. చివరికి 1982లో ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి, ఈ విభజనను వాక్యంతో సమర్థించడం దుర్బోధ అని ప్రకటించింది. అదే ఏడు ఆ రంగువారి సంఘమే బెల్హార్ అనే చోట కూడి, సంఘం ఐక్యత గురించి ఒక విశ్వాస ప్రమాణం రాసింది. 1986లో దాన్ని స్వీకరించింది. ఒక్క చిన్న సెలవును సరిదిద్దడానికి నూట పాతికేళ్లు పట్టింది.

బలహీనుల గురించి పౌలు కూడా రాశాడు కదా అని మీరు అడగవచ్చు. రాశాడు. రోమా పత్రిక 14వ అధ్యాయం, మొదటి కొరింథీ పత్రిక 8వ అధ్యాయం ఈ రాత్రి చదవండి. తన భోజనం వల్ల సహోదరుడు తొట్రిల్లితే జన్మలో మాంసం ముట్టనంటాడు. అంటే బలహీనుని కోసం బలవంతుడు తన కూర వదులుకుంటాడు. ఇప్పుడు గలతీ పత్రిక 2వ అధ్యాయం చదవండి. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి తింటూ ఉన్నాడు. యెరూషలేము నుండి కొందరు రాగానే భయపడి మెల్లగా లేచి వేరైపోయాడు. బర్నబా కూడా అటే పోయాడు. అక్కడ పౌలు అందరి ఎదుటే పేతురును నిలదీశాడు. మాంసం విషయంలో ఎంతైనా తగ్గే పౌలు బల్ల విషయంలో ఒక్క అంగుళం తగ్గలేదు. 1857 నాటి పెద్దలు దీన్నే తలకిందులు చేశారు. బలహీనుని పేరు చెప్పి కూర ఉంచుకున్నారు, బల్ల వదులుకున్నారు. ఉమ్లాజీలో బాబా ఏ సభా తీర్మానం చదవకుండానే కూర వదులుకొని బల్ల నిలబెట్టారు.

పేతురును ఒకసారి తలచుకోండి. ప్రధాన యాజకుని ప్రాంగణంలో బొగ్గుల నిప్పు దగ్గర చలి కాచుకుంటూ ప్రభువును ఎరుగనన్నాడు. తిబెరియ సముద్రపు ఒడ్డున మళ్లీ ఒక బొగ్గుల నిప్పు. దాని మీద చేపలు, పక్కన రొట్టె. పునరుత్థానుడైన ప్రభువే తెల్లవారుజామున వాటిని సిద్ధం చేసి, రండి తినండని పిలిచాడు. పేతురును ముందు కూర్చోబెట్టి తినిపించి, ఆ తర్వాతే ప్రశ్న అడిగాడు. మనలో ఎవరమూ యోగ్యతను బట్టి బంతిలో కూర్చోలేదు. అందరం పిలిచినందువల్లే కూర్చున్నాం.

ఇక మన ఊరి సంగతి. డిసెంబరు దగ్గరికి వచ్చింది. పోయిన ఆదివారం పెద్దల కూటంలో క్రిస్మస్ ప్రేమ విందు మాట వచ్చింది. మన సంఘంలో రెండు పాలేల వాళ్లున్నారు. ఊళ్లో నుండి రక్షణలోకి వచ్చిన కుటుంబాలు కూడా ఈ మధ్య ఏడెనిమిది చేరాయి. ఒక పెద్ద మంచి మనసుతోనే అన్నాడు: "కొందరు పెద్ద మాంసం తినరు కదా అయ్యగారూ, రెండు చోట్ల వండించి రెండు బంతులు పెడదాం. ఈ ఒక్క ఏడే. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ఈ ఒక్క ఏడే అన్న మాట నా గుండెలో గుచ్చుకుంది. మన తాతలు టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లు. గుడిసె చూరులో గుచ్చిన గ్లాసు తామే కడుక్కొని తాగినవాళ్లు. అలాంటివాళ్ల మనుమలం మనం దేవుని మందిరం ఆవరణలో రెండు బంతులు వేసుకుందామా?

పెద్దలకు చెప్పింది మీకూ చెబుతున్నాను. పెద్ద మాంసం ఎవరికైనా సయించకపోతే ఆ రోజు కోడి కూర, పప్పు, సాంబారు చేద్దాం. పప్పుతోనే తృప్తి పడమన్నా పడదాం. కాని బంతి ఒక్కటే. వచ్చినవాళ్లు వచ్చిన వరుసలోనే కూర్చోవాలి. ఇంకొక మాట కూడా ఉంది, అది చెప్పకపోతే పై మాటలన్నీ దండగ. కూర మార్చగానే, వండే చేయి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. కోడి కూర తినేవాడే, ఫలానా పాలెం ఆవిడ వండితే మాత్రం తిననంటాడు. అది బలహీనత కాదు. సయించని తిండి కోసం తగ్గుదాం. సయించని మనిషి కోసం తగ్గేది లేదు. అందుకే ఈసారి పొయ్యి దగ్గర రెండు పాలేల స్త్రీలూ, ఊళ్లోవాళ్లూ కలిసే ఉంటారు. వడ్డన యవనస్థులు కలిసే చేస్తారు.

ఒక పెద్దాయన ఏమీ అనకుండా కండువా దులుపుకొని లేచి వెళ్లాడు. ఆయన విందుకు రాకపోవచ్చని అంటున్నారు. మందిరం కట్టినప్పుడు ఇటుకలు మోసిన మనిషి ఆయన. ఆయన రాకపోతే నాకు బాధే. ఈ వారమంతా సాయంత్రాలు ఆయన ఇంటికి వెళ్లి కూర్చుంటాను, బతిమాలుతాను, కలిసి ప్రార్థన చేస్తాను. విందు రోజు ఉదయం కూడా వెళ్లి పిలుస్తాను. కాని ఆకు కట్టి ఇంటికి మాత్రం పంపను. ఆయన ఆకు బంతిలోనే, మనందరి మధ్యలోనే వేసి ఉంచుతాం.

మీ సంఘాల్లో కూడా క్రిస్మస్ విందులు జరుగుతాయి. పెద్దలైనవారు, స్త్రీల సమాజం వారు, ఒక పని చేయండి. వంటకాల జాబితా రాసేముందు ఎవరు ఎవరి పక్కన కూర్చోకుండా తప్పించుకుంటున్నారో గమనించండి. అక్కడే మీ ప్రార్థన మొదలుపెట్టండి. మా సంఘం కోసం, ముఖ్యంగా ఆ పెద్దాయన కోసం, మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువా, నీవు మమ్మల్ని పిలిచిన బల్ల ఒక్కటే. మా ఇష్టాలను వదులుకొనే మనసు మాకు దయచేయి. మా సహోదరుణ్ణి వదులుకొనే మనసు మాలో నుండి తీసివేయి. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.